‘ఎండింది’ అనని మనిషి

ఆ మధ్య జవాబుపత్రాలు దిద్దుతుండగా ఒక వాక్యం దగ్గర నా ఎర్ర కలం ఆగింది. ద్వీపకల్ప నదుల స్వభావాన్ని వివరించమన్న ప్రశ్నకు ఎవరో విద్యార్థి, “వేసవిలో మా ఏరు పడుకొని ఉంటుంది” అని రాశాడు. భూగోళశాస్త్రంలో నదులు పడుకోవు. వానల మీద ఆధారపడిన నదులలో వేసవికి ప్రవాహం క్షీణిస్తుంది. అలా రాసినవానికి మార్కు వస్తుంది, రాయనివానికి రాదు. వాక్యాన్ని కొట్టివేశాను. మార్కు వెయ్యలేదు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ సందేహం లేదు. అయితే పత్రాల కట్ట మూసిన తరువాత కూడ చాలాసేపు నా కళ్ల ముందు ఒక మనిషి, చెప్పులు చేతబట్టుకొని, తెల్లని ఇసుక మీద చప్పుడు కాకుండ నడిచి వెళుతూనే ఉన్నాడు. ఎంత దూరం నడిచినా ఆయన ఆకారం చిన్నది కాలేదు. ఇసుక మాత్రం పెరుగుతూ పోయింది.

ఆయన నా భార్యకు పెదనాన్న. తిరుపతికి పడమర, చంద్రగిరికి దిగువన, స్వర్ణముఖి ఒడ్డున వారి ఊరు. తొంభైలలో నేను తిరుపతిలో కళాశాల అధ్యాపకుణ్ణి. సెలవు దినాన బస్సెక్కి ఆ ఊరికి వెళ్లి, ఏటి ఒడ్డున ఒక పూట గడిపి రావడం మా ఇంటి ఆనవాయితీ.

స్వర్ణముఖిని కొత్తగా చూసినవారికి అది నది అని నమ్మించడం కష్టం. ఏడాదిలో ఎక్కువ కాలం అది ఇసుకే. కార్తీకపు వానలకు ఒడ్లు ఒరుసుకొని పారుతుంది, సంక్రాంతి దాటాక సన్నబడుతుంది, శివరాత్రి నాటికి ఇసుక కిందికి దిగిపోతుంది. దిగిపోయాక కూడ లోపల పారుతూనే ఉంటుంది. ఆ కనబడని పారుదలను పట్టుకొనేందుకు పూర్వులు ఏటి మధ్య ఏటవాలుగా లోతైన కందకం తవ్వారు. ఇసుకలోంచి ఊరిన నీరు ఆ కందకంలో చేరి, తనంతట తానే ఒడ్డు దాటి, పొలాలకు పోతుంది. దానిని ఊటకాలువ అంటారు. మా మామయ్య ఆ ఊటకాలువకు పెద్ద. ఎవరు ఎన్నుకున్నారో తెలియదు. ఆయన తండ్రి పెద్ద, అందువల్ల ఆయన పెద్ద.

పెళ్లయిన కొత్తలో ఆ ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. మాట కలపాలని, “ఏరు ఎండిపోయినట్టుందే” అన్నాను. పంక్తిలో చేతులన్నీ ఆగాయి. వడ్డిస్తున్న అత్తయ్య గరిటెను గిన్నెలోనే ఉంచేసింది.

“ఆ మాట అనగూడదు నాయనా,” అంది మెల్లగా.

“కొత్తల్లుడు గదా, తెలీదులే,” అని మామయ్య నావైపు తిరిగాడు. “పండుకోనుండాది అనాల అయ్యోరా.”

బడిలో చెప్పినా కళాశాలలో చెప్పినా ఆయనకు నేను అయ్యోరునే. అల్లుణ్ణి కనుక అందులో ఎగతాళి పాలు కూడ సరిగ్గా కలిపేవాడు.

“పడుకొనేవి ప్రాణులు, మామయ్యా,” అన్నాను.

“ఓహో. అట్లనా. ఏరు పరిగెత్తతా ఉండాది అంటారా మీ బళ్లో?”

“అంటాం.”

“కాళ్లు యాడుండాయి దానికి?”

పంక్తి మొత్తం నవ్వింది. అత్తయ్య గరిటె తీసింది. మాటను దాని అర్థం దాటనివ్వకూడదన్నది నా జీవితనియమం. అందుకు విరుద్ధంగా ఒక మాటను ఊరంతా పట్టుకొని ఉండడం నాకు రుచించలేదు. కాని ఆ పట్టుకోవడంలో ఒక క్రమం ఉన్నదని గ్రహించడానికి నాకు ఎంతో కాలం పట్టలేదు. క్రమమున్న చోట నేను తొందరపడి తప్పుపట్టను.

ఆ మాటను ఆయన నోటితో మాత్రమే కాదు, ఒళ్లంతటితో పాటించేవాడు. ఏట్లోకి దిగగానే చెప్పులు విప్పి చేతబట్టుకొనేవాడు. గొంతు తగ్గించేవాడు. దగ్గు వస్తే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొనేవాడు. పసిబిడ్డను పడుకోబెట్టిన గదిలో ఇంటివాళ్లు ఎలా తిరుగుతారో, ఆ ఇసుకలో ఆయన అలా తిరిగేవాడు. ఒకసారి కట్టెల బండివాడు ఏరు దాటుతూ గట్టిగా పాట అందుకున్నాడు. మామయ్య చెయ్యెత్తి ఆపి, దగ్గరికి పోయి, “ఒడ్డెక్కినాంక పాడుకో అబ్బా, బాగుండాది పాట,” అన్నాడు. వాడు ఎందుకని అడగలేదు. ఒడ్డెక్కాక పాడుకుంటూ పోయాడు.

చైత్రవైశాఖాల మధ్యాహ్నాలు ఆ ఒడ్డున వింతగా ఉండేవి. ఇసుక మీది సెగకు చంద్రగిరి కోటకొండ నీళ్లలో నీడలా కదిలేది. ఉత్తరాన తిరుమల కొండలు రంగు కోల్పోయి, ఆకాశంలో ఎవరో తడిచేత్తో తుడిచిన మరకలా మిగిలేవి. కానుగచెట్ల కింద మేమిద్దరం కూర్చొనేవాళ్లం. ఆయన మాట్లాడేవాడు కాదు. నేనూ మాట్లాడేవాణ్ణి కాను. ఎప్పుడు మెలకువలో ఉన్నామో ఎప్పుడు కునుకులో ఉన్నామో తెలిసేది కాదు. అటువంటి ఒక మధ్యాహ్నం ఆయన నన్ను ఇసుకలోకి తీసుకుపోయి, తువ్వాలు పరచి, చెవి ఆనించి పడుకొమ్మన్నాడు. చొక్కా నలుగుతుందని సంకోచించాను. తరువాత పడుకున్నాను.

“వినపడిందా?”

“నా గుండె చప్పుడు వినిపిస్తున్నది, మామయ్యా.”

ఆయన నా పక్కనే ఇసుకకు చెవి ఆనించాడు.

“నాకూ అంతే,” అన్నాడు. “మా నాయనకు మాత్రం ఏరు వినపడతా ఉణ్ణింది అంట. నిజమో అబద్ధమో.”

ఏటి విషయంలో ఆయన జ్ఞాని అని నేను చెప్పడం లేదు. ఆయన జోస్యాలు తరచు తప్పేవి. చీమలు బారులు కట్టాయంటే వాన అనేవాడు, రాదు. ఈసారి కార్తీకపౌర్ణమికి ముందే ఏరు లేస్తుంది అనేవాడు, లేవదు. అత్తయ్యకు అదొక వేడుక. వాకిట్లో చేట పట్టుకొని కూర్చొని, వీధి వినేలా అనేది: “ఏరూ పండుకోనుండాది, ఈ మనిషీ పండుకోనుండాడు, ఇంగ మేలుకోని వొండేదానికి నేనొకదాన్ని పుట్టినాను ఈ ఊర్లో!” మామయ్య నొచ్చుకొనేవాడు కాదు. “సూడు అయ్యోరా, దీని గొంతుకే ఏరు లేసి రావాల్సింది ఈపాటికి,” అనేవాడు.

ఆయన నిజమైన వైభవం చూడాలంటే కాలువ తోడే రోజున చూడాలి. వరద తగ్గాక ఊటకాలువ ఇసుకతో పూడిపోతుంది. దానిని ఏటా తోడాలి. కాలువ నీటిలో భాగమున్న ప్రతి ఇంటినుంచీ ఒక మనిషి పారతో, గంపతో రావాలి. తలపొలం వాడు కాలువ తలవైపు, తోకపొలం వాడు తోకవైపు, పొలాలు ఏ వరుసలో ఉంటే మనుషులూ ఆ వరుసలోనే నిలబడాలి. దావాలు వేసుకొని మాటలు మానుకున్న అన్నదమ్ములు కూడ ఆ రోజు పక్కపక్కనే పార పట్టాలి, ఎందుకంటే వారి పొలాలు పక్కపక్కన ఉన్నాయి. ఆలస్యంగా వచ్చినవాడు అందరికీ మజ్జిగ తేవాలి.

“మజ్జిగ పలచగుంటే ఇంగో కుండ తేవాల,” అని మామయ్య అరిచేవాడు. ఆ ఒక్క రోజే ఆయన ఏట్లో గొంతెత్తేవాడు. లేపడానికి వచ్చాం కదా అనేవాడు.

“పెద్దాయనా, మా ఇంట్లో ఎనుము గూడా పండుకోనుండాది, పాలీలే,” అని ఎవడో అనేవాడు.

“దాన్ని కాదు, నీ పెండ్లాన్ని లేపు ముందు!”

ఆ నవ్వుల మధ్య కందకం లోతయ్యేది. ఇసుక ముందు రంగు మారుతుంది. తరువాత పారకు అంటుకుంటుంది. తరువాత గోడలు చెమరుస్తాయి. ఆ చెమటను చూడగానే ఎవరూ చెప్పకుండానే పారలన్నీ ఆగిపోయేవి. అందరూ గట్టు మీద గొంతుక్కూర్చొనేవారు. అడుగున ఒక తడి గీత, తోవ తెలియని చీమలా అటూ ఇటూ వెదకి, పల్లం ఎక్కడో కనుక్కొని, నెమ్మదిగా కదిలేది. ఎండ దానిపైన పడి అంతలో వెండి, అంతలో ఏమీ లేదు. అంతమంది మగవాళ్లు అంత నిశ్శబ్దంగా ఉండడం నేను పరీక్షల గదిలో కూడ చూడలేదు.

ఆ క్రమం ఎప్పుడు చెదరడం మొదలైందో ఒక సంవత్సరాన్ని చూపించి చెప్పలేను. వానలు మానలేదు. వచ్చే తీరు మారింది. పూర్వం ముసురుపట్టి, రోజుల తరబడి సన్నగా కురిసి, కొండల ఒంట్లోకి ఇంకిన వాన, ఇప్పుడు సముద్రం మీద వాయుగుండం పుట్టినప్పుడు ఒక్క ఉదుటున కురిసి, మిగిలిన కాలమంతా ముఖం చాటేయడం మొదలుపెట్టింది. ఎండ ముదిరింది. ఎగువన తోటలకు బోర్లు దిగాయి. ఏట్లోకి లారీలు దిగి, ఆయన చెప్పులు విప్పి నడిచిన ఇసుకను తవ్వుకొని పోయాయి. ఇవి అన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని వచ్చాయి. ఏది ఎంత అని విడదీయడం నా శాస్త్రానికి కూడ సులభం కాదు.

ఊరు మాత్రం తన మాటను మార్చుకోలేదు. ఏరు పండుకోనుండాది అంటే, లేస్తుందని అర్థం. లేచేదానికోసం ఎదురుచూడడం న్యాయం. ఒక ఏడు కార్తీకం వెళ్లినా ఏరు రాలేదు. మామయ్య, “లేస్తాది, నారు పోసుకోండి,” అన్నాడు. అందరూ నారుమళ్లు పోసుకున్నారు. ఎండిందని ఒప్పుకొని ఉంటే వేరుశనగో ఉలవో చల్లుకొని ఉండేవారు. నారు అరచేతి ఎత్తు లేచి, పచ్చనిది పసుపయి, పసుపుది తెలుపయింది. ఎవరూ ఆయనను ఏమీ అనలేదు. ఆయన ఒక్కడే ఆ మడి గట్టు మీద కూర్చొని, ఎండిన నారును చేత్తో నిమురుతూ ఉండడం నేను చూశాను.

తరువాత కరువు తాగేనీటికి వచ్చింది. ఊళ్లో బావులన్నీ ఏటి ఊట మీద బతికినవే. ఒకదాని తరువాత ఒకదాని అడుగు కనబడింది. చేతిపంపు కొడితే గాలి దగ్గేది. రోజు మార్చి రోజు ట్యాంకరు వచ్చేది. అది వచ్చే వేళకు ఆడవాళ్లు బిందెలు వరుసగా పెట్టి, ఆ నీడలేని వీధిలో నిలబడేవారు. అత్తయ్య నిలబడలేక, బిందె పక్కన ఒక రాయి పెట్టుకొని కూర్చొనేది. ఆమె వేళాకోళాలు తగ్గాయి.

మంచినీళ్ల ఇంజనీరు వచ్చి ఊరంతా తిరిగి, బోరు వేస్తే ఊటకాలువ తల దగ్గరే వెయ్యాలన్నాడు. మిగిలిన చోట ఆశ లేదన్నాడు. అక్కడ ఒక కట్టుబాటు అడ్డం వచ్చింది. కాలువ బతికి ఉన్నన్నాళ్లు దాని తల దగ్గర ఎవరూ బావిగాని బోరుగాని తవ్వకూడదు. కాలువ పోయిందని పెద్ద తన నోటితో, భాగస్థులందరి ముందు చెప్పినప్పుడే ఆ కట్టు విడుతుంది. సర్పంచి మామయ్యకు తమ్ముని కొడుకు. బలవంతంగా బోరు వేయించగలిగినవాడే. కాని పెదనాయన నోటి మాట లేకుండ ఆ మట్టిలో గడ్డపార దించే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు. అతడు తిరుపతికి నా ఇంటికి వచ్చాడు.

“నువ్వు సెప్పు బావా. నీ మాటంటే ఆయనకు గురి. పెద్దమ్మ ట్యాంకరు కాడ రాయి మింద కూసోనుంటే నాకు తల ఎత్తేదానికి కావడంలే. ఒక్క మాట. ఆయన నోట్లోనించి ఒక్క మాట రావాల.”

మరుసటి సెలవుకు వెళ్లాను. సాయంత్రం మేమిద్దరం ఏట్లోకి దిగాం. తరగతిలో చెప్పినంత శ్రద్ధగా ఆయనకు చెప్పాను. వాన పడినా నేలలోకి దిగడానికి వ్యవధి ఉండడం లేదనీ, దిగిన కొంచెమూ ఎగువ బోర్లకు పోతున్నదనీ, నీటిని పట్టి ఉంచే ఇసుకే పోయాక ఊట ఎక్కడ నిలుస్తుందనీ చెప్పాను. ఆయన అడ్డు రాకుండ విన్నాడు.

“నువ్వు సెప్పిందాంట్లో తప్పేమీ లేదు అయ్యోరా,” అన్నాడు. “ఒకటి సెప్పు. పండుకున్న మనిషికీ, పోయిన మనిషికీ తేడా యాడుంటాది?”

“ఊపిరిలో ఉంటుంది.”

ఆయన మోకాళ్ల మీద కూర్చొని, రెండు చేతులతో ఇసుక తోడడం మొదలుపెట్టాడు. మోచేతి దాకా. భుజం దాకా. తరువాత పొట్ట మీద పడుకొని, చెంప ఇసుకకు ఆనించి, చెయ్యి ఇంకా లోపలికి పోనిచ్చాడు. పడమట వెలుతురు పలచబడుతున్నది. ఆయన కళ్లు మూసుకున్నాడు. లోపల ఎవరో ఆయన చెయ్యి పట్టుకున్నారా అన్నంతసేపు అలాగే ఉన్నాడు. చివరకు పిడికిలి పైకి తీసి నా అరచేతిలో విప్పాడు. ఇసుక చల్లగా ఉంది. తడి అనడానికి లేదు, పొడి అనడానికీ లేదు.

“ఇది ఊపిరా, కాదా?”

నేను నిజం చెప్పాను. “తెలియదు, మామయ్యా.”

“నాకూ దెలీదు. తెలీకుండా ఆ మాట ఎట్ల అనేది?”

నేను ఒత్తిడి చెయ్యలేదు. సర్పంచికి అదే చెప్పాను. “ఇద్దురూ ఇద్దురే,” అని అతడు విసుక్కున్నాడు. న్యాయమైన విసుగే.

ఆ ఏడు కార్తీకంలో వాయుగుండం పట్టింది. ఒక పగలూ రాత్రీ ఎడతెగకుండ కురిసింది. తెల్లవారేసరికి ఏరు వచ్చింది. ఊరంతా ఒడ్డుకు పరుగెత్తింది. ఆడవాళ్లు పసుపు కుంకుమలతో, టెంకాయలతో వచ్చారు. ఎర్రని నీరు ఇవతలి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డు దాకా, చెట్లను పెకలించుకొని, ఎవరో తరుముతున్నట్టు పోతున్నది. “లేసింది! ఏరు లేసింది!” అని అరుస్తున్నారు. సర్పంచి కళ్లు తుడుచుకుంటున్నాడు. మేము కబురు విని తిరుపతి నుంచి వచ్చేసరికి మామయ్య ఒడ్డున ఒంటరిగా నిలబడి ఉన్నాడు. అందరి ముఖాల్లో ఉన్న వెలుగు ఆయన ముఖంలో లేదు.

“లేచింది కదా మామయ్యా,” అన్నాను.

“దారి తెలిసిన మనిషి నడిచినట్టుండాదా ఇది?” అన్నాడు.

రెండు రోజులకే నీరు తీసింది. పూర్వం కార్తీకంలో వచ్చిన ఏరు శివరాత్రి దాకా కాళ్లకు తగులుతూ ఉండేది. ఇది వచ్చిన దారినే తుడుచుకొని పోయింది. ఎక్కడా ఒక మడుగు మిగలలేదు. ఇసుక పోయిన చోట బండరాళ్లు బయటపడ్డాయి. భాగస్థులు ఉత్సాహంగా పారలు తెచ్చి కాలువ తోడారు. వరుస తప్పలేదు. మజ్జిగ వచ్చింది. కందకం ఎన్నడూ లేనంత లోతు పోయింది. గోడలు చెమర్చలేదు. పారకు రాయి తగిలి ఖంగుమన్నప్పుడు మామయ్య చెయ్యెత్తాడు.

“సాలు. అందురూ పైకి రాండి.”

వచ్చారు. గట్టు మీద వరుసగానే నిలబడ్డారు. ఆయన తువ్వాలు తలనుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

“ఏరు రాకపోయింటే నేను ఇంగా కాసుకోనుందును,” అన్నాడు. “వచ్చి, మన ఇంట్లో కూసోకుండానే పోయినాది సూడు, అప్పుడు తెలిసింది నాకు. ఏరుండాది. వస్తాది, పోతాది. మన ఊట సచ్చిపోయింది. పెద్దగా నేను సెప్తా ఉండా. ఊటకాలువ ఎండిపోయింది.”

ఆ ఊళ్లో ఆ మాటను అందరి ఎదుట అన్న మొదటి మనిషి ఆయనే అయ్యాడు. కొంతసేపటికి వరుసలోంచి ఒక ముసలివాడు పార కిందపెట్టి, “అయితే మనకు అంటు గదప్పా,” అన్నాడు.

పట్నపు పాఠకులకు ఇది కొంచెం వివరించాలి. మా ప్రాంతంలో ఒకే వంశపు దాయాదులను పాలోళ్లు అంటారు. వారిలో ఎవరు పోయినా మిగిలినవారందరికీ అంటు, అనగా మైల. తలకు స్నానం చేస్తేగాని తీరదు. కాలువ నీటిలో పాలున్నవారిని కూడ ఆ ఊళ్లో పాలోళ్లనే పిలుస్తారు. ఆ మాటను కూడ వారు అక్షరాలా పాటిస్తారని నేను అప్పటిదాకా ఎరుగను.

“అవునప్పా, అంటు. తలకు పోసుకోవాల,” అన్నాడు మామయ్య.

“నీళ్లు యాడుండాయి పెదనాయనా?” అన్నాడు సర్పంచి. “ట్యాంకరు రేపు గదా వచ్చేది. ఇంతమంది తలకు పోసుకుంటే ఆడోళ్లు ఊరుకుంటారా?”

“తాగే నీళ్లు తలకు పోసుకునేది వద్దు. బోరు వేయించు. నీళ్లు పడినాంక పోసుకుందాం. అంతదాకా అంటుతోనే ఉందాం.”

“పడకపోతే?”

“పడకపోతే అంటుతోనే పోదాం.”

చమత్కారంగా అన్నాడనుకున్నారు కొందరు. ఆయన మాత్రం ఆ రోజు నుంచి నుదుట బొట్టు పెట్టలేదు. గుడి మెట్టు ఎక్కలేదు. మా ఇంటివాళ్లం తిరుమల వెళుతూ రమ్మంటే, “అంటులో కొండెక్కగూడదమ్మా,” అని నా భార్యతో చెప్పి పంపాడు. తిరుచానూరులో బంధువుల పెళ్లికి వెళ్లలేదు. యువకులు మొదట నవ్వారు. తరువాత వారి తండ్రులు కూడ బొట్టు మానేయడం చూసి నవ్వు మానారు. అత్తయ్య ఒక్క మాట పరిహాసం చెయ్యలేదు. వాకిట్లో ముగ్గు కూడ వెయ్యలేదు.

బోరు బండి తమిళదేశం నుంచి వచ్చింది. కాలువ తల దగ్గర నిలిచి, భూమి అదిరేలా మోగింది. ఎంతోకాలం గొంతు తగ్గించి మాట్లాడిన ఆ చోట ఎవరి మాట ఎవరికీ వినబడలేదు. మొదటి చోట తెల్లని పొడి లేచింది. గొట్టం దిగుతున్నకొద్దీ పొడే. చెట్ల మీద, మనుషుల మీద, బిందెల మీద ఆ పొడి విభూతిలా పడింది. బండివాడు తల అడ్డంగా ఊపాడు. మామయ్య కానుగచెట్టు కింద కూర్చొని చూస్తున్నాడు. సర్పంచి ఆయనవైపు తిరిగే సాహసం చెయ్యలేదు. ఇంజనీరు బండిని కొంచెం ఎడంగా జరిపించాడు. మళ్లీ పొడి. మధ్యాహ్నం దాటింది. అందరికీ తెలుసు, ఇది ఆఖరి చోటని. ఆడవాళ్లు ఖాళీ బిందెలు చంకలో పెట్టుకొని, ఇంటికి పోలేక, దగ్గరికి రాలేక, ఒడ్డున నిలబడిపోయారు.

అప్పుడు పొడి రంగు మారింది. బండి మోత మధ్య పనివాడెవడో నీళ్లు పడ్డాయని తమిళంలో “తణ్ణి! తణ్ణి!” అని అరిచాడు. బురద ఉమ్మింది, మళ్లీ ఉమ్మింది, ఆపైన నీళ్లు కొబ్బరిచెట్టు ఎత్తు లేచి, ఎండలో విరిగి, అందరి మీదా పడ్డాయి. పడుచువాళ్లు ఎగిరారు. సర్పంచి ఇంజనీరును కౌగలించుకున్నాడు. అత్తయ్య బిందె కింద పెట్టి, చేతులు జోడించి, ఎవరికని తనకే తెలియకుండ మొక్కింది.

“ఆగండి,” అన్నాడు మామయ్య. “ముందు పాలోళ్లు.”

భాగస్థులు వచ్చి నిలబడ్డారు. తలపొలం నుంచి తోకపొలం దాకా, కాలువ వరుసలోనే. చొక్కాలు విప్పి, పంచెలతో, దక్షిణానికి తిరిగి కూర్చున్నారు. ముందు మామయ్య పోసుకున్నాడు. తరువాత ఒకరి తరువాత ఒకరి నెత్తిన ఆయనే బిందె వంచాడు. బండివాడు అది సంతోషమనుకున్నాడు, మెట్టు మీద కూర్చొని బీడీ ముట్టించి, “నల్లా కుళింగో అయ్యా!” అని, బాగా స్నానం చెయ్యమని తన భాషలో చెప్పి నవ్వాడు. ఎవరూ అతనికి చెప్పలేదు. దావాల అన్నదమ్ములిద్దరిలో చిన్నవాడు తల తుడుచుకుంటూ వెక్కిళ్లు పెట్టాడు. పెద్దవాడు తన తువ్వాలు అతనికిచ్చాడు.

వరుస అయిపోయింది. ఇంటి మగవాళ్లలో తలకు పోసుకోనివాణ్ణి నేనొక్కణ్ణే. మామయ్య గడ్డం మీద నీళ్లు కారుతుండగా నావైపు చూశాడు.

“నీకు పనిలేదు అయ్యోరా. అల్లుడివి గదా. మా అంటు నీకు రాదు.”

నియమం ఆయన చెప్పినట్టే ఉంది. నాకు మైల లేదు. గడియారం విప్పి, కళ్లజోడు తీసి, నా భార్య చేతికిచ్చాను. చొక్కా విప్పి మడిచి, అదీ ఆమెకే ఇచ్చి, వరుస చివర దక్షిణానికి తిరిగి కూర్చున్నాను. ఆయన బిందె నింపుకొని వచ్చి నా తల మీద వంచాడు.

నీళ్లు వెచ్చగా ఉన్నాయి. అప్పుడే పోయిన మనిషి చెయ్యి ఉన్నంత వెచ్చగా.